మెల్‌బోర్న్ బీచ్‌కీ బల్లారట్ బంగారానికీ ఒకే మెటల్ డిటెక్టర్ సరిపోతుందా?

తార్నీట్_శ్రీను
అందరికీ నమస్కారం. మేం మెల్‌బోర్న్ వెస్ట్ సైడ్ ఉంటాం, ఆల్టోనా, వెరిబీ సౌత్ బీచ్‌లు దగ్గరే, అటు బల్లారట్ గంట ప్రయాణం. శని ఆదివారాలు పిల్లల్ని ఫోన్‌ల నుంచి లేపి బయట తిప్పుదామని మెటల్ డిటెక్టర్ కొందామనుకుంటున్నా. బీచ్‌లో పోయిన ఉంగరాలు, నాణేలు వెతకాలి, అలాగే బల్లారట్, బెండిగో అడవుల్లో చిన్న నగ్గెట్ (బంగారు ముద్ద) అయినా పట్టాలి, ఇవి రెండూ ఆశలు. బడ్జెట్ 1500 డాలర్లు, ఇంకో వంద రెండొందలు పెరిగినా పర్లేదు. ఈక్వినాక్స్ 900, నోక్టా లెజెండ్, గోల్డ్ మాన్‌స్టర్ 1000, ఈ మూడు చూశా, వీడియోల్లో ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు. 2023లో ఇక్కడే విక్టోరియాలో ఒకాయనకి ఈక్వినాక్స్ 800తో 4.6 కిలోల రాయి దొరికింది, అందులో 2.6 కిలోల బంగారం ఉందని న్యూస్‌లో చూసినప్పటి నుంచి అటే మనసు లాగుతోంది. వాడినవాళ్ళు కాస్త చెప్పండి.

బెండిగో_బాబాయ్
శ్రీను గారూ వెల్కమ్. ఆ వార్త నిజమే, కానీ దాన్ని చూసి మిషన్ కొనకండి. అంత పెద్ద ముద్ద ఉంటే ఏ మిషన్ అయినా అరుస్తుంది. 1980లో కింగోవర్ దగ్గర 27.2 కిలోల హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ నగ్గెట్ అప్పటి గారెట్ డిటెక్టర్‌కే దొరికింది, ఇప్పటి మిషన్లతో పోలిస్తే అది చాలా పాత టెక్నాలజీ. ఇక 1869లో మోలియాగుల్‌లో దొరికిన వెల్కమ్ స్ట్రేంజర్‌కి అసలు డిటెక్టరే లేదు, నేలకి అంగుళం రెండంగుళాల లోతులో పడుంది. మనకి మామూలుగా దొరికేది గ్రాములో మూడో వంతు, ఐదో వంతు ఉండే బియ్యపు గింజలంత ముక్కలు, మిషన్ ఎంచుకోవాల్సింది వాటి కోసం.

ముందు నేల సంగతి అర్థం చేసుకుంటే బ్రాండ్ సంగతి దానంతట అదే తేలుతుంది. ఇక్కడి గోల్డ్‌ఫీల్డ్స్ మట్టిలో ఇనుము ఎక్కువ, ఎర్రటి ఐరన్‌స్టోన్ రాళ్ళు ఉంటాయి, వాటినే హాట్ రాక్స్ అంటాం, కాయిల్, అంటే నేల మీద ఊపే కింది పళ్ళెం, వాటి మీదకి పోగానే లోహం దొరికినట్టే మోగుతుంది. బీచ్‌లో సమస్య వేరు, అక్కడ తడి ఉప్పు ఇసుక కరెంటుని పాస్ చేస్తుంది, అందుకని మిషన్‌కి ఆ ఇసుకే ఒక పల్చటి లోహపు రేకులా కనిపిస్తుంది. సన్నటి బంగారం కూడా సరిగ్గా ఆ రేకులాగే కనిపిస్తుంది, అసలు తంటా అక్కడే. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మిషన్‌ని ఉప్పు వినపడకుండా సెట్ చేశారంటే సన్న గొలుసు, చిన్న ఉంగరం కూడా దాంతోపాటు వినపడకుండా పోతాయి.

గోల్డ్ మాన్‌స్టర్ 45 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ చిన్న బంగారం బాగా తెలుస్తుంది, అడవిలో నాకు ఆ మిషన్ అంటే చాలా ఇష్టం, ఆన్ చేసి నడవడమే, నేలకి తగ్గట్టు సర్దుకునే గ్రౌండ్ బ్యాలెన్స్ అదే చేసుకుంటుంది. కానీ ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఉప్పు కూడా అంతే గట్టిగా మోగుతుంది కాబట్టి తడి ఇసుక మీద దాన్ని పట్టుకుని నిలబడలేరు, పైగా కాయిల్ ఒక్కటే నీళ్ళకి తట్టుకుంటుంది, పైన బాక్స్‌కి నీళ్ళు తగలకూడదు. అందుకని మీ మూడింట్లో మాన్‌స్టర్ తీసేయండి. ఈక్వినాక్స్ 900, లెజెండ్ రెండూ ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపి వాటిని పోల్చుకుని ఉప్పుని పక్కన పెడతాయి, రెండింట్లోనూ గోల్డ్ మోడ్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో చూస్తే మాత్రం జాగ్రత్త, ఈక్వినాక్స్ 600, 700ల్లో గోల్డ్ మోడ్ లేదు, 800, 900ల్లోనే ఉంది.

పెర్త్_ఓరుగల్లు
బాబాయ్ చెప్పింది కరెక్టే గానీ నాది ఇంకో మాట. బంగారం కోసమే అయితే వీఎల్‌ఎఫ్ మిషన్ల మీద, అంటే నువ్వు చూసిన ఆ మూడు తీరులవాటి మీద, పైసలు పెట్టుడు కంటే ఆగి పీఐ (పల్స్ ఇండక్షన్) మిషన్ కొనుక్కోవాలె. మా దిక్కు కల్గూర్లీ, లియొనోరా, మీకథారా నేల అంతా ఎర్రగ ఇనుముతోని నిండి ఉంటది, మల్టీ ఫ్రీక్వెన్సీ మిషన్ రెండంగుళాలు దిగేసరికే ఊపిరాడనట్టు అయితది. పీఐ ఎట్ల పనిచేస్తదంటే, ఒక దెబ్బ కరెంటు పంపి ఆపేస్తది, ఆపినంక భూమిల నుంచి వచ్చే చప్పుడు ఎంతసేపు నిలుస్తదో వింటది. లోహం ఒక తీరుగ ఆరిపోతది, మట్టి ఇంకో తీరుగ, ఆ తేడా పట్టుకుంటది కాబట్టి ఖరాబు నేలల గూడ లోతుకి పోతది. జీపీఎక్స్ 6000 అనే పీఐ మిషన్‌తోని మా దోస్తు నేను వీఎల్‌ఎఫ్‌తోని తిరిగి ఖాళీగ వదిలిన జాగలనే బంగారం తీసిండు, నా కండ్ల ముందటనే.

తార్నీట్_శ్రీను
అన్నా ఆ జీపీఎక్స్ 6000 ధర చూశా, ఎనిమిది వేల డాలర్ల పైమాటే కదా. మా ఇంట్లో ఆ మాట ఎత్తే పరిస్థితి లేదు. పోనీ ఎప్పుడైనా కొన్నా అది బీచ్‌లో పనికొస్తుందా?

పెర్త్_ఓరుగల్లు
రాదు తమ్మీ, అది నీళ్ళల్ల ముంచే మిషన్ కాదు. నీళ్ళల్ల దింపగలిగే గోల్డ్ పీఐ అంటే ఎస్‌డీసీ 2300 ఉంది, మూడు మీటర్ల దాకా తట్టుకుంటది, మడిచి బ్యాగుల పెట్టుకోవచ్చు, చిన్న బంగారానికి మస్తుగుంటది. కానీ కాయిల్ ఎనిమిది అంగుళాలే, దాన్ని మార్చుకునే వీలు లేదు, పెద్ద బీచ్ తిరగాలంటే పొద్దు గూకుతది. ఇంకో ముచ్చట, ఉప్పు బీచ్‌ల ఒక్కటే ఉండదు, మా గోల్డ్‌ఫీల్డ్స్‌ల ఉప్పు చెరువుల పక్కన వాన పడ్డంక పీఐ గూడ లొల్లి చేస్తది. జీపీఎక్స్ 6000కి 14 అంగుళాల డీడీ రకం కాయిల్ వేస్తే ఆ ఉప్పు నేలకి వేరే సెట్టింగ్ ఇచ్చిండ్రు, అది లేకపోతే ఆ దిక్కు తిరుగుడు దండగ.

జిలాంగ్_పద్మ
నేను పూర్తిగా బీచ్ మనిషిని కాబట్టి ఆ వైపు రాస్తాను. శ్రీను గారూ, మీ దగ్గరున్న బీచ్‌లన్నీ పోర్ట్ ఫిలిప్ బే లోపలివి, ఇక్కడ ఆటుపోట్ల తేడా మీటరు కూడా ఉండదు. అంటే లో టైడ్‌కి సముద్రం వెనక్కి పోయి బోలెడు ఇసుక బయటపడుతుంది అనుకోకండి, జనం ఉంగరాలు పోగొట్టుకునేది నడుము లోతు నీళ్ళలో, చల్లటి నీళ్ళకి వేళ్ళు ముడుచుకుపోయి ఉంగరం జారిపోతుంది, అక్కడికి మీరూ దిగాలి. కాబట్టి మిషన్ మొత్తం వాటర్‌ప్రూఫ్ ఉండి తీరాలి. ఈక్వినాక్స్ 900 అయిదు మీటర్లు, లెజెండ్ మూడు మీటర్లు, మన అవసరానికి రెండూ ఎక్కువే. వ్యాంక్విష్ అనే డిటెక్టర్లు చవక, తడి ఇసుక మీద చాలా బాగుంటాయి, కానీ బాక్స్ తడవకూడదు, ఒక్క అల వస్తే అయిపోయినట్టే. పొడి ఇసుకలోనే తిరుగుతాను అనేవాళ్ళకి మాత్రం నేను అదే చెప్తాను.

ఈక్వినాక్స్‌లో బీచ్ 1, బీచ్ 2 అని ఉంటాయి. ఇసుక మీద నడిచేటప్పుడు 1, అలల్లో నీళ్ళ కింద 2. బీచ్ 2లో పవర్ తగ్గించి పంపుతుంది, అందుకే నీళ్ళలో నిలకడగా ఉంటుంది. సెన్సిటివిటీ ఫుల్ పెట్టేసి గోల చేస్తోందని మిషన్‌ని తిట్టుకునేవాళ్ళని చాలామందిని చూశాను, నాలుగు మెట్లు దించితే నిశ్శబ్దంగా అంతకంటే లోతుకి పోతుంది.

సిడ్నీ_ఇసుక
పద్మక్క చెప్పినదానికి ఇంకొంచెం, లోహాన్ని బట్టి స్క్రీన్ మీద వచ్చే నంబర్ చూసి తవ్వాలా వద్దా అని డిసైడ్ అవ్వకండి ప్లీజ్, బంగారు ఉంగరం నంబర్, కూల్‌డ్రింక్ క్యాన్ మూత మీద ఊడొచ్చే రింగ్ నంబర్ రెండూ ఒకటే చోట పడతాయి, ఇక్కడి 1, 2 డాలర్ల నాణేలు అల్యూమినియం బ్రాంజ్ కాబట్టి అవి పెద్ద ఉంగరాల దగ్గర్లోనే చూపిస్తాయి, చెత్త వదిలేద్దాం అని రేకుల నంబర్లు బ్లాక్ చేసినవాడు సన్న ఉంగరాలన్నీ వదిలేసి ఇంటికి వెళ్తాడు. బీచ్‌లో ఇనుము తప్ప అన్నీ తవ్వాలి, ఇసుకే కదా, స్కూప్‌తో రెండు దెబ్బలు. తుఫాను గాలి తర్వాత రోజు పొద్దున్నే వెళ్ళండి, అలలు పైన ఇసుక కోసుకుపోయి గోడలా నిలబెడతాయి, దాని కింద గట్టి పొర కనపడుతుంది, గుల్లలో బంకమట్టో ఉంటుంది, బరువైనవన్నీ ఆ పొర దాకా దిగి అక్కడే ఆగుతాయి. ఎండాకాలం సాయంత్రం అయితే జనం తువ్వాళ్ళు పరుచుకునే వరస, అంతే.

వైజాగ్_కెరటం
చర్చ చాలా బాగుంది. నేను ఇండియాలోనే ఉంటాను. 2020 నవంబర్‌లో నివర్ తుఫాను తర్వాత ఉప్పాడ బీచ్‌లో జనానికి బంగారం ముక్కలు దొరికాయి కదా, అలాంటిచోట ఈ మిషన్లు పనికొస్తాయా? మా భీమిలి వైపు నల్ల ఇసుక ఎక్కువ, దానివల్ల ఏమైనా ఇబ్బందా? ఇంకోటి, కర్నూలు వైపు వజ్రాలకి వాడొచ్చా అని మా తమ్ముడు అడుగుతున్నాడు.

అనంత_రాయలసీమ
వజ్రం మాట నేను చెప్తా, మాది వజ్రకరూర్‌కి దగ్గరే. వజ్రం లోహం కాదు, కరెంటు పాస్ చేయదు, ఎంత ఖరీదైన డిటెక్టర్ పెట్టినా వజ్రం మీద కుయ్ మనదు. తొలకరి వానలు పడినాక జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూర్ చేలల్లో జనం వంగి కళ్ళతోనే వెతుకుతారు, అది కళ్ళ పని. జొన్నగిరిలో, మా రామగిరిలో బంగారం ఉన్నమాట వాస్తవమే కానీ అది రాయిలో కంటికి కనపడనంత సన్నంగా కలిసి ఉంటుంది, టన్ను రాయి పిండి చేస్తే కొన్ని గ్రాములు. కోలార్‌లోనూ బంగారం రాయిలోనే ఉండేది. డిటెక్టర్‌కి ముద్దగా ఉన్న లోహం కావాలి, ఆస్ట్రేలియాలో ఆ ముద్దలు పైపైనే ఉండటం వాళ్ళ అదృష్టం.

చట్టం మర్చిపోవద్దండి. ఇండియాలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది, భూమిలో దాగి ఉన్న విలువైనది పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి రాసి ఇవ్వాలి. పాత నాణేలు, విగ్రహాలు దొరికితే 1972 పురావస్తువుల చట్టం కూడా వస్తుంది. గుళ్ళ దగ్గర, పాత కోటల దగ్గర గుప్తనిధులని డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్ళ వల్ల మన సీమలో ఎన్ని గుళ్ళు పాడైనాయో చూసిన బాధతో చెప్తున్నా, అటు మాత్రం పోవద్దు.

సిడ్నీ_ఇసుక
వైజాగ్ బ్రో, నల్ల ఇసుక చాలా కష్టం, భీమిలి వైపు ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్ లాంటి బరువు ఖనిజాలు ఉంటాయి కదా, ఒక అయస్కాంతం కవర్లో చుట్టి ఇసుకలో పెట్టి చూడు, గడ్డంలా అంటుకున్నంత మ్యాగ్నెటైట్ (ఇనుప ఖనిజం) ఉంటే ఇనుమూ ఉప్పూ రెండూ కలిసిన నేల అన్నమాట. మల్టీ ఫ్రీక్వెన్సీకి కూడా లోతు పడిపోతుంది అక్కడ. పీఐ నయం, కానీ పీఐకి ఇనుము, బంగారం తేడా సరిగ్గా తెలీదు, హెయిర్ పిన్నులు, మేకులు, గేలాలు అన్నీ తవ్వుతూ కూర్చోవాలి. ఉప్పాడ లాంటిచోట ఇసుక రవ్వలంత ముక్కలైతే డిటెక్టర్ కంటే జల్లెడే మేలు.

జిలాంగ్_పద్మ
మనవాళ్ళ బంగారం గురించి ఒక విషయం చెప్పాలి, ఇది ఇక్కడి ఫోరమ్‌లలో ఎవరూ రాయరు. మన 22 క్యారెట్ల ఉంగరం, ఇక్కడివాళ్ళ 9 క్యారెట్ల ఉంగరం ఒకే సైజు, ఒకే మందం ఉన్నా మనది ఎక్కువ నంబర్ చూపిస్తుంది, ఎందుకంటే వేరే లోహం కలిపేకొద్దీ బంగారం కరెంటు పాస్ చేసే గుణం తగ్గుతుంది. గొలుసులు మాత్రం ఎంత బరువున్నా మొండివి. డిటెక్టర్‌కి గొలుసు మొత్తం ఒక వస్తువులా కనపడదు, ఒక్కో లింకు విడివిడిగా కనపడుతుంది, అందుకే నాలుగు తులాల గొలుసు కంటే అర తులం ఉంగరమే గట్టిగా మోగుతుంది.

పోయిన వేసవిలో ఒక అమ్మాయి టార్కీ బీచ్‌లో నల్లపూసలూ మంగళసూత్రమూ ఉన్న గొలుసు పోగొట్టుకుంది, మన తెలుగు గ్రూప్‌లో పెడితే నేను వెళ్ళాను. అత్తగారు ఇండియాలో, ఈ పిల్ల ఇక్కడ ఏడుస్తోంది. నేను గొలుసు కోసం వెతకలేదు, పుస్తెల కోసం వెతికాను. పుస్తె గుండ్రంగా బిళ్ళలా ఉంటుంది కదా, సిగ్నల్ చక్కగా తిరుగుతుంది దాంట్లో. ఉంగరాలకంటే కాస్త తక్కువ నంబరు, రెండు వైపుల నుంచి ఊపినా ఒకేలా వచ్చే మెత్తటి చప్పుడు. స్కూప్ ఎత్తి ఇసుక జారనిస్తే ముందు నల్లపూస ఒకటి కనపడింది, తర్వాత తీగంతా వచ్చింది. ఎవరైనా పోగొట్టుకున్నవాళ్ళు అడిగితే వెంటనే వెళ్ళండి, రాత్రి గడిస్తే అలలు జరిపేస్తాయి. పోగొట్టుకున్నవాళ్ళెవరో తెలియకుండా దొరికిన ఉంగరాన్ని పోలీస్ స్టేషన్‌లో ఇవ్వండి, లోపల పేర్లో తేదీయో చెక్కి ఉంటే మనిషి దొరికే అవకాశం చాలా ఎక్కువ.

తార్నీట్_శ్రీను
పద్మ అక్కా ఇది చదివాక మా ఆవిడ కూడా కొనమంటోంది, థాంక్యూ సో మచ్. అయితే ఈక్వినాక్స్ 900 లేదా లెజెండ్. గోల్డ్‌ఫీల్డ్స్‌కి వెళ్ళినప్పుడు వాటితోనే ఎలా లాగాలి బాబాయ్, వేరే కాయిల్ కొనాలా? పర్మిషన్లు ఏంటి?

బెండిగో_బాబాయ్
కాయిల్ కొనండి, మిషన్ మార్చడం కంటే అదే లాభం. పెద్ద కాయిల్ లోతుకి పోతుంది కానీ కింద మట్టి కూడా ఎక్కువ చూస్తుంది, ఇనుప నేలలో అది నష్టం. ఈక్వినాక్స్‌కి ఆరు అంగుళాల కాయిల్ ఉంది, గోల్డ్ మోడ్‌లో దాన్ని పెట్టుకుని పాత తవ్వకాల గుట్టల మీద, వాన కోసిన చిన్న కాలువల్లో, పలుగురాయి ముక్కలు చెదిరిన చోట, నేలకి రాసుకునేంత దగ్గరగా నెమ్మదిగా ఊపండి. బీచ్‌లో నడిచినట్టు నడిస్తే ఏమీ దొరకదు, అక్కడ గంటకి ఒక గది అంత చోటు చాలు.

సిగ్నల్ వచ్చినప్పుడు ముందు బూటుతో పైమట్టి ఒక అంగుళం గీకండి. చప్పుడు పోయిందా, అది హాట్ రాకో ఆకుల్లోని రేకో. చప్పుడు ఇంకా పెరిగిందా, తవ్వండి. నా పిక్ కర్రకి ఒక బలమైన అయస్కాంతం బిగించా, తవ్విన మట్టిలో దాన్ని తిప్పితే పాత బూటు మేకులు అంటుకుని వస్తాయి, సగం కథ అక్కడే తేలిపోతుంది. ఇంకా మోగుతుంటే మట్టిని ప్లాస్టిక్ స్కూప్‌లోకి తీసి కాయిల్ మీద ఊపండి, మోగితే సగం పారబోయండి, మళ్ళీ ఊపండి, అలా చివరికి అరచేతిలో చిటికెడు మట్టి మిగులుతుంది. ఆ చేతికి ఉంగరం, వాచీ ఉండకూడదు. ఎక్కువసార్లు వచ్చేది సీసపు గుండు, పాతకాలం వేటగాళ్ళ తుపాకీది. దాన్ని చూసి నీరసపడకండి, మిరియపు గింజలో సగం ఉన్న సీసం దొరుకుతోందంటే మీ మిషన్, మీ చెవి రెండూ అంత బంగారాన్ని కూడా పడతాయని అర్థం.

పర్మిషన్ అంటే విక్టోరియాలో మైనర్స్ రైట్ తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో ఇస్తారు, 10 ఏళ్ళు చెల్లుతుంది, డిటెక్టర్, చేతి పనిముట్లతో దొరికిన బంగారం మీ సొంతమే. స్టేట్ ఫారెస్ట్‌లు మామూలుగా ఓకే, నేషనల్ పార్కుల్లో కుదరదు, కొన్నింట్లో గుర్తించిన భాగాలు మాత్రం వదిలారు, గ్రేటర్ బెండిగోలో అలాంటివి ఉన్నాయి, బయల్దేరే ముందు జియోవిక్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్ చూసుకోండి. ఎవరి పొలమైనా అడిగే దిగాలి. అబోరిజినల్ వాళ్ళ పనిముట్లు, పాత గని కట్టడాలు ముట్టుకోకూడదు. తవ్విన ప్రతి గుంటా పూడ్చాలి, పూడ్చనివాళ్ళ వల్లే ఒక్కో చోటూ మూతపడుతోంది, ఈ విషయంలో నాకు చాలా పట్టింపు.

పిల్లల్ని తీసుకెళ్తున్నారు కాబట్టి అన్నిటికంటే ముఖ్యమైనది, 1850ల నాటి బావుల్లాంటి షాఫ్ట్‌లు అడవి నిండా ఉన్నాయి, కొన్నిటి మీద ఆకులు కప్పేసి ఉంటాయి. చెయ్యి వదలకండి, మట్టి దిబ్బ కనపడితే దాని పక్కన గొయ్యి ఉందనే అనుకోండి. ఎండాకాలం పాములు సరేసరి. చిన్నవాళ్ళయితే మొదట బల్లారట్‌లో సావరిన్ హిల్ అనే మ్యూజియంలో పళ్ళెంతో బంగారం కడగనివ్వండి, ఆ మెరుపు ఒకసారి చూస్తే తర్వాత వాళ్ళే మిమ్మల్ని లాక్కెళ్తారు.

పెర్త్_ఓరుగల్లు
మా వెస్టర్న్ ఆస్ట్రేలియాల మైనర్స్ రైట్ ఒకసారి తీస్కుంటే జీవితకాలం. ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్ ఉన్న భూమిల తిరగాలంటే మాత్రం 40ఈ అని ఇంకో పర్మిట్ ఉంటది. ఎవరన్న ఇటొస్తే నీళ్ళు లెక్కకి మించి తెచ్చుకోండ్రి, ఫోన్ సిగ్నల్ ఉండదు, ఎమర్జెన్సీ బీకన్ లేకుండ బండి దిగొద్దు. తమ్మీ నీకు పీఐ రుచి చూడాలనిపిస్తే కొనకు, గోల్డ్‌ఫీల్డ్స్ ఊర్లల్ల కొన్ని షాపులు కిరాయికి ఇస్తయి, ఒక వీకెండ్ తీస్కో. నువ్వు ఈక్వినాక్స్‌తోని బంగారం దొరికిన చోటే పీఐతోని మళ్ళ తిరుగు, కొత్త జాగ వద్దు. గప్పుడు తేడా నీకే తెలుస్తది.

సిడ్నీ_ఇసుక
ఇది మంచి ఐడియా. లెజెండా ఈక్వినాక్సా అన్నదానికి నా ఓటు, పెద్ద తేడా లేదు, మీకు దగ్గర్లో ఏది సర్వీస్ ఉన్న షాపులో దొరికితే అది. లెజెండ్ తీసుకుంటే మిగిలే డబ్బుతో స్టీల్ స్కూప్, పిన్‌పాయింటర్ (గుంటలో వస్తువు ఎక్కడుందో చూపే చేతి డిటెక్టర్) వస్తాయి, నీళ్ళలో మంచి స్కూప్ లేకపోతే ఏ మిషనూ పనిచేయనట్టే.

తార్నీట్_శ్రీను
అయితే లెజెండ్, పొడుగు కర్ర స్కూప్, పిన్‌పాయింటర్. చిన్న కాయిల్ వచ్చే నెల. కిరాయి పీఐ ఈస్టర్ సెలవులకి. ఆఖరి ప్రశ్న, ఉప్పునీళ్ళలో వాడాక ఏం చేయాలి?

జిలాంగ్_పద్మ
ఇంటికి రాగానే మంచినీళ్ళతో, ట్యాప్ కింద మెల్లగా, ఫోర్స్‌గా కొట్టే హోస్ వద్దు. కాయిల్ కింద ప్లాస్టిక్ కవర్ ఊడదీసి లోపల చేరిన ఇసుక కడగండి, ఆ ఇసుకలో నల్లది ఉంటే కాయిల్ ఊరికే మోగుతూనే ఉంటుంది, చాలామంది మిషన్ పాడైందని షాపుకి పట్టుకెళ్తారు దానికే. కర్ర జాయింట్లు విప్పి ఆరబెట్టండి, లేకపోతే ఉప్పు పట్టేసి మళ్ళీ ఊడదు. చార్జింగ్ పిన్నులు పూర్తిగా ఆరాకే చార్జింగ్ పెట్టాలి. ఈ ఆదివారం పొద్దున ఏడింటికి నేను ఆల్టోనా వస్తున్నాను, మిషన్ వచ్చేస్తే తెచ్చుకోండి, రాకపోయినా నాది పట్టుకుని చూద్దురుగాని.